వెనక పలక

మేస్త్రి పొద్దున్నే పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయి పది నిమిషాలైంది. ఆ పది నిమిషాలూ ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. వంటగదిలో గిన్నెలు మాత్రం అవసరానికి మించి చప్పుడు చేస్తున్నాయి. ఆ గిన్నెల వెనక ఉన్నది తల్లి. ఆవిడకు కోపం వస్తే నోరు మూతపడుతుంది, చేతులు మాట్లాడతాయి.

"అనాల్సిన మాట అనేశావుగా," అన్నాడు తమ్ముడు చివరికి. "ఇప్పుడు కడుపు చల్లబడిందా?"

అతను అడిగింది అక్కను, చిన్నమేస్త్రిని. ఆమె అన్నది నిజానికి ఒక్క ముక్క. సాయంత్రం బేరం ఖాయం చేసుకునే ముందు పడవను తను కూడా ఒకసారి చూస్తానంది. ఇంకో ఇంట్లో అయితే అదొక మాటే కాదు. ఈ ఇంట్లో అది తండ్రి మొహం మీద కొట్టినట్టే అయింది.

ఎందుకంటే రేవులో పాత పడవ కొనాలనుకున్నవాడు నలభై ఏళ్లుగా ముందు మేస్త్రి గడపే తొక్కుతాడు. ఆయన చిన్న సుత్తి ఒకటి పట్టుకుని పడవ చుట్టూ తిరుగుతాడు. జానెడు జానెడుకూ తట్టి వింటాడు. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది. పైన ఫైబరు పొర నిగనిగలాడుతున్నా లోపలి చెక్క నీళ్లు తాగి కుళ్లిపోయిన చోట, పరుపు మీద కొట్టినట్టు మెత్తగా పలుకుతుంది. ఆయన తీసుకోమంటే తీసుకోవడం, వద్దంటే వెనక్కి తిరిగి చూడకుండా పోవడం. ఆయన చూసిన పడవను రెండోసారి చూస్తానన్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పుట్టింది చివరికి ఆయన ఇంట్లోనే.

సోమవారం నాడు మేస్త్రి ఈ క్యాబిన్ బోటును చూసి వచ్చాడు. బాగానే ఉంది, తీసుకోమన్నాడు. కొడుకు ఎగిరి గంతేశాడు. టికెట్లు రాసే ఉద్యోగానికి పోయిన వారమే దణ్ణం పెట్టేసి వచ్చినవాడు, ఎగరక ఏం చేస్తాడు? ఎదుటి దీవులకు మనుషుల్ని తిప్పి తీసుకురావాలని అతని ఆలోచన. బోటు నడిపేది తను, వచ్చినవాళ్లను చూసుకునేది భార్య, నాలుగేళ్ల పాప ఎలాగూ తల్లి కొంగు వదలదు. అంటే ముగ్గురి రోజూ ఆ పడవలోనే గడుస్తుందన్నమాట.

అయితే మేస్త్రి ఒక మెలిక పెట్టాడు. కొన్నాక నెల రోజులు బోటు తను పడవలు బాగుచేసే షెడ్డులో ఉండాలట. రంగు వేయాలట. రంగు బాగానే ఉంది కదా నాన్నా, జనం వచ్చే రోజులు అయిపోతాయి కదా అని కొడుకు మూడు రోజులుగా మొత్తుకుంటున్నాడు. మేస్త్రి నోరు మెదపడు. అసలు విన్నాడో లేదో కూడా తెలియదు.

చిన్నమేస్త్రిని తొలుస్తున్నది సరిగ్గా అదే. సోమవారం ఆమె ఏదో పని మీద ఆ బోటు ఉన్న యార్డు గేటు దాకా వెళ్లింది. తండ్రి బోటు వెనక పలకను మూడుసార్లు తట్టి, సుత్తి జేబులో పెట్టేసుకోవడం కళ్లారా చూసింది. వెనక పలక అంటే మాటలా? ఇంజను బలమంతా మోసేది అదే. మిగతా బోటుకు ఒక గంట పడితే దానికొక్కదానికీ ఇంకో గంట పట్టే మనిషి, మూడు దెబ్బలతో చాలించాడు. అప్పుడు తమ్ముడు వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు. ఆయన తిరిగి చూడలేదు.

ఆరు నెలలుగా ఇంట్లో టీవీ వీధి చివరి దాకా వినిపిస్తోంది. ప్రతి మాటకూ "ఆఁ?" అంటున్నాడు. డాక్టరు దగ్గరకు వెళదామంటే, వెళ్లాల్సింది గొణుగుతూ మాట్లాడే మీరేనంటాడు.

తల్లి చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. కూతురి ఎదురుగా నిలబడి, మెల్లగానే అంది.

"ఆయన చెవి పోయిందని నాకు నీకంటే ముందే తెలుసు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ చెవుల మీదే ఈ ఇల్లు నడిచింది. అవి పోయాయని ఆయన చేత ఒప్పించాలనుకుంటే, అంతకంటే ఆయన్ని షెడ్డులోంచి గెంటెయ్యి. అదే నయం."

"నేనేం ఒప్పించనమ్మా," అంది చిన్నమేస్త్రి. "చూసి వస్తానంతే."

గుమ్మం దగ్గర పాపకు జడ వేస్తున్న మరదలు అంతదాకా తల ఎత్తలేదు. రిబ్బను ముడి బిగించి పాపను అవతలికి పంపేసి, అప్పుడు అడిగింది. "నిజం చెప్పండి వదినా. పాపను ఎక్కించుకుని తిరగాల్సిన పడవ. మీ అనుమానం దాని మీదా, మామయ్యగారి మీదా?"

"మీ మామయ్యగారి చెవి మీద," అంది చిన్నమేస్త్రి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

ఆ చెప్పడంలో కాస్త బింకం కూడా ఉంది. ఉండకపోదు. పదకొండేళ్ల కిందట మేస్త్రి నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని ఐదు నెలలు మంచం పట్టాడు. వానాకాలం పని షెడ్డు నిండా ఉంది. పాతికేళ్ల పిల్ల ఒక్కతే అంతా నెత్తినేసుకుని, వచ్చిన పడవనల్లా బాగుచేసి చెప్పిన రోజుకు పంపించింది. ఆమెకు చిన్నమేస్త్రి అని పేరు పడింది అప్పుడే. అంతకు ముందు ఆమెకు ఆ రేవులో ఉన్న పేరు పుర్రచెయ్యి. ఏ పనైనా ఎడమచేత్తోనే చేస్తుందని.

*

యార్డులో బోటును నీళ్లలోంచి తీసి ఇనప స్టాండ్ల మీద నిలబెట్టారు. నేల మీద నిలబెట్టిన పడవ ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ముప్పై అడుగుల పొడవు, తెల్లటి ఒళ్లు, ముందుకు చొచ్చుకొచ్చిన క్యాబిను, దాని పైన గట్టి కప్పు. దాని నీడలో బోర్లించిన డబ్బా మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఇంట్లోంచి లేచిన మనిషి రేవు మీదుగా తిన్నగా ఇక్కడికే వచ్చాడన్నమాట.

తమ్ముడు తండ్రిని చూసి తడబడ్డాడు. చిన్నమేస్త్రి తడబడలేదు. సంచీ కింద పెట్టి, "వచ్చావా నాన్నా, మంచిదైంది," అంది, తనే పిలిపించినట్టు. ఆయన "ఆఁ?" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పలేదు.

బోటు యజమానురాలు రిటైరైన హెడ్ నర్సు. యార్డులో అందరూ సిస్టరుగారంటారు. భర్త పోయి రెండేళ్లయింది, ఒక్కతే బోటు నడపలేక అమ్మకానికి పెట్టింది. అమ్మేవాళ్లలో ఇలాంటి మనిషిని చిన్నమేస్త్రి అదే మొదటిసారి చూడటం. బోటుకు ఉన్న జబ్బులన్నీ ఒక కాగితం మీద వరసగా తనే రాసి తెచ్చింది. ఎడమ కిటికీ వానకు కారుతుంది. మంచినీళ్ల పంపు ఆగి ఆగి పనిచేస్తుంది. క్యాబిన్ తలుపు బిగుసుకుపోతుంది. కింద తారీఖు వేసి సంతకం కూడా పెట్టింది.

"మీరు వెతుక్కోవడమెందుకు, కేసు షీటు చూసుకోండి," అందావిడ.

చిన్నమేస్త్రి కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకుంది. ముందు ఇంజను మూత ఎత్తి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఏం, జ్వరమేమైనా ఉందా?" అంది సిస్టరుగారు.

"లేదండీ, చల్లగా ఉంది. వేడిగా ఉంటేనే అనుమానం. మేం వచ్చేలోపే ఎవరో ఒకసారి తిప్పి పెట్టారని."

"మా దగ్గరా అంతే. వేడిగా ఉంటేనే అనుమానం."

ఇద్దరికీ అక్కడే కలిసిపోయింది. తర్వాతి గంటన్నరా చిన్నమేస్త్రి పని చూడాలి. ఆయిలు పుల్ల లాగి వేళ్ల మధ్య నలిపి చూసింది. నీళ్లు కలిసిన ఆయిలు పాలరంగుకు తిరుగుతుంది, ఇది నల్లగా శుభ్రంగా ఉంది. రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటీ నొక్కింది. గొట్టంతో నీళ్లు పెట్టించి ఇంజను తిప్పింది. రెండో తిప్పుకే అందుకుంది. క్యాబినులో పరుపులెత్తి కింద వాసన చూసింది, తివాచీ మూల లాగి చూసింది, టాయిలెట్ వాల్వు తిప్పింది, వైర్ల వెంట టార్చి వేసుకుని పాకింది. కాగితంలో లేని రెండు చిన్న లోపాలు కూడా పట్టుకుంది. సిస్టరుగారు నొచ్చుకోకుండా పెన్ను తీసి వాటినీ జాబితాలో కలిపింది.

తమ్ముడు అప్పటికే ఇల్లు కట్టేసుకున్నాడు. క్యాబిన్ అద్దాలు చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. చుక్కాని చక్రం పట్టుకుని ఎటూ తిరగని బోటును దీవుల వైపు తిప్పుతున్నాడు. వాడి మొహం చూస్తే అక్కకు నవ్వూ వచ్చింది, వాడి మీద ముద్దూ వచ్చింది.

మేస్త్రి మాత్రం డబ్బా మీద నుంచి లేచి, ఆమె వెంటే తిరగడం మొదలుపెట్టాడు. ఆమె బోటు వెనక్కి రాబోతే, దిక్సూచి చూశావా అన్నాడు. చూసింది. మళ్లీ వెనక్కి రాబోతే, లంగరు గొలుసు చూడమన్నాడు. అదీ చూసింది. మూడోసారి, ఆ పంపు సంగతి తేల్చమన్నాడు. తేలిపోయిన సంగతేనని ఆమె చెప్పింది. ఆయనకు వినబడినట్టు లేదు.

పాపం, భయపడుతున్నాడు అనుకుంది చిన్నమేస్త్రి. ఆమెకు తండ్రి మీద కోపమంతా దిగిపోయింది. చెవి పోయినంత మాత్రాన ఈయన మేస్త్రి కాకుండా పోతాడా? వెనక పలకలో ఏదైనా ఉంటే తమ్ముడి ముందు ఆయన పరువు పోకుండా ఎలా చెప్పాలో కూడా మనసులో కూడబలుక్కుంది. సోమవారం తర్వాత వచ్చిన వానకు తేలిందనొచ్చు. నాన్నే అనుమానపడి నన్ను చూడమన్నాడనొచ్చు.

సుత్తి ఎడమచేతిలోకి తీసుకుని ముందు నుంచి మొదలుపెట్టింది. పొట్ట పొడుగునా ఖంగు ఖంగుమంటూ పలికింది. ఇలాంటి బోటును తట్టుకుంటూ పోవడం చిన్నమేస్త్రికి ఇష్టం. ఎక్కడా అడ్డు తగలకుండా ఒకే శ్రుతిలో సాగుతుంది. వెనక పలకకు వచ్చింది. కింది అంచు ఖంగుమంది. ఎడమ పక్క ఖంగుమంది. కుడి పక్కన, నీళ్లలోకి దిగే ఇంజను కాలు బిగించిన బోల్టుల పైన, సుత్తి పడింది. చప్పుడు రాలేదు. అంటే వచ్చింది, కానీ పరుపు మీద పడ్డట్టు వచ్చింది.

మళ్లీ తట్టింది. చుట్టూ తట్టుకుంటూ వెళ్లి హద్దు గుర్తుపట్టింది. రెండు అరచేతులంత మేర. తమ్ముడు పైన పాట పాడుకుంటున్నాడు. వాడికి ఆ తేడా తెలియదు. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన దూరంగా క్రేను వైపు చూస్తున్నాడు.

బోటు పాత కాగితాలు యార్డు ఆఫీసులో ఉన్నాయని సిస్టరుగారు ఇందాకే చెప్పింది. అవి ఇప్పుడే చూడటం మంచిదని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి తెమ్మని చిన్నమేస్త్రి ఆవిడను పంపింది. వాళ్లు షెడ్ల మలుపు తిరిగాక నిచ్చెన ఎక్కింది.

*

వెనక సీటు కింద పెట్టె ఉంది. అందులోని తాళ్లూ, లైఫ్ జాకెట్లూ తీసి పక్కన పడేస్తే పలక లోపలి వైపు కనిపిస్తుంది. కనిపించింది మురికి, దాని మీద ఆయిలు జిడ్డు. ఆమె గుడ్డను కిరసనాయిల్లో ముంచింది.

నిచ్చెన కిర్రుమంది. మేస్త్రి కుంటి కాలు ముందు వేస్తూ, ఒక్కో మెట్టే ఎక్కి వచ్చాడు.

"అక్కడ తుడవకు," అన్నాడు.

"నాన్నా, కూర్చో," అంది ఆమె. కాస్త గట్టిగా, విడివిడిగా అంది, ఆయనకు వినబడేటట్టు. "చెవి కొంచెం మందగిస్తే అదేమీ నేరం కాదు. తమ్ముడికి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. నీ మాట పోనివ్వను."

మేస్త్రి సీటు అంచున కూర్చున్నాడు.

"మాటలు సరిగ్గా వినపడటం లేదు, నిజమే," అన్నాడు. "మీ అమ్మ సతాయించేది నిజమే. కానీ సుత్తి చెప్పేది చెవికి కాదే, మణికట్టుకు. సోమవారం మొదటి దెబ్బకే తెలిసింది నాకు. మూడోది ఎందుకు కొట్టానో కూడా తెలియదు."

ఆమె గుడ్డతోనే ఆయన వైపు తిరిగింది.

"తెలిసీ తీసుకోమన్నావా?"

ఆయన మళ్లీ క్రేను వైపు చూశాడు. ఆమె వెనక్కి తిరిగి జిడ్డు తుడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు తుడవడంలో కోపం ఉంది. నలుపు పోయి గోధుమ రంగు వచ్చింది, దాని కింద అతుకు బయటపడింది. రెండు అరచేతుల మేర ఫైబరు అతుకు, నాలుగు మూలలూ గుండ్రంగా కోసి ఉన్నాయి. ఇంకెవరైనా అయితే అతుకును నలుచదరంగా కోస్తారు. మూలలు గుండ్రంగా కోయకపోతే అక్కడి నుంచే లేచిపోతుందని పోరేది ఈ రేవులో ఒక్కరే.

అంటే ఇది తమ షెడ్డులో వేసిన అతుకు. నాన్న వేసింది. తన పాత తప్పు తనకే ఎదురైతే నోరు రాలేదన్నమాట మనిషికి. ఆమెకు అంతా తేటతెల్లమైనట్టనిపించింది. ఏమని ఓదార్చాలా అనుకుంటూ టార్చి దగ్గరగా పెట్టి చూసింది.

లోపలి వైపు ఎవరూ నునుపు చెయ్యరు. బ్రష్షు ఎలా నడిచిందో జిగురు అలాగే గట్టిపడి ఉండిపోతుంది. కుడిచేతివాడు పూస్తే ఆ చారలు కుడి వైపుకు వాలి ఉంటాయి. ఇవి ఎడమకు వాలి ఉన్నాయి. పై నుంచి కింది దాకా, ఒక్కటి తప్పకుండా ఎడమకే.

ఆ షెడ్డులో ఎడమచేత్తో బ్రష్షు పట్టిన మనిషి ఒక్కతే.

ఆమె టార్చి ఆర్పేసింది. ఎందుకు ఆర్పిందో ఆమెకు తెలియదు. మళ్లీ వెలిగించింది. చారలు అలాగే ఉన్నాయి.

"ఆ వానాకాలంలో వచ్చినప్పుడు దీనికి ఈ పై కప్పు లేదు," అన్నాడు మేస్త్రి. "ఆకుపచ్చ రంగు. పేరూ వేరే. సిస్టరుగారి కంటే ముందు వేరే మనిషిది. నువ్వు గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. నేనూ ఆ తర్వాత లోపలికెక్కి పలక తుడిచాకే పట్టాను. చూసి, జిడ్డు మళ్లీ నేనే పూశాను."

ఆమెకు ఆకుపచ్చ పడవ గుర్తొచ్చింది. దాన్ని తీసుకోవడానికి రోజూ వచ్చి షెడ్డు ముందు నిలబడే మనిషి కూడా గుర్తొచ్చాడు. కుళ్లిన ముక్క కోసేశాక చెక్కను ఆరబెట్టాలి. ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పకూడదు. దాని మీద పాలిథిన్ కాగితం కట్టి ఒక రోజు వదిలెయ్యాలి, మర్నాటికి కాగితం లోపల చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టు. పడినన్నాళ్లూ ఆగాలి. మేస్త్రి పద్ధతి అది. ఆ ఏడాది వానలకు ప్రతి కాగితానికీ చెమట పట్టింది. నాలుగు రోజులు చూసి, ఐదో రోజున ఆమె కాగితం విప్పేసి, అరచేత్తో తడిమి, పొడిగానే ఉందనుకుని మూసేసింది. తర్వాత ఇక కాగితం కట్టడమే మానేసింది. చెప్పిన రోజుకు పడవలు పంపాలి కదా. పంపింది కూడా. ఒక్క రోజు ఆలస్యం కాలేదని రేవంతా చెప్పుకుంది.

"నెల రోజులు షెడ్డులో ఉంచమన్నది..."

"రంగు వేసేవాణ్ణే. పలక మార్చి వేసేవాణ్ణి. మార్చేదాకా వాణ్ణి నీళ్లలోకి దిగనిచ్చేవాణ్ణి కాదు. పిల్లను ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. అంత గుడ్డివాణ్ణి కాను నేను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

మేస్త్రి తన మోకాలు రాసుకున్నాడు. "ఆ ఐదు నెలలూ మంచంలో పడి నేను చేసిన పని ఒక్కటే. చూడ్డానికి వచ్చినవాడికల్లా, నా కూతురు షెడ్డు నడుపుతోందని చెప్పడం. ఆ మాట మీదే బతికి లేచాను. ఇప్పుడు అదే నోటితో నీకేం చెప్పమంటావు?"

తండ్రి చెప్పిన దారి ఆమెకు నచ్చింది. దాచడమెందుకు, ఒక నిమిషం పాటు చాలా నచ్చింది. నెల రోజులు. ఇద్దరూ కలిసి చేస్తే మూడు వారాలు. కొత్త పలక, కొత్త రంగు. తమ్ముడి పడవ క్షేమంగా తిరుగుతుంది, ఆమె పేరు ఉన్న చోటే ఉంటుంది. నష్టపోయేవాడు ఎవడూ లేడు.

కింద షెడ్ల మలుపులో తమ్ముడి నవ్వు వినిపించింది. కాగితాలు తీసుకుని వస్తున్నారు.

"నాన్నా," అంది ఆమె. "నలభై ఏళ్లలో చూసిన పడవ గురించి అబద్ధం చెప్పింది ఇదొక్కసారే నువ్వు. నా కోసం చెప్పావు. నాకది వద్దు."

"ఆలోచించుకో. షెడ్డు మూతపడుతుంది."

"పడితే మళ్లీ తెరుద్దాం. పని వచ్చినవాళ్లం."

ఆయన ఇంకేదో అన్నాడు. ఆమె అప్పటికే నిచ్చెన దిగుతోంది.

*

ఆమె నిలబడి, వంకర లేకుండా చెప్పింది. వెనక పలక కుళ్లింది. లోపల పాత అతుకు ఉంది. తడి చెక్క మీద వేసిన అతుకు అది. వేసింది తను. పదకొండేళ్ల కిందట, ఆ బోటు ఆకుపచ్చగా ఉన్నప్పుడు.

తమ్ముడు ముందు నవ్వబోయాడు. తర్వాత మొహం గంటు పెట్టుకున్నాడు.

"నాన్నను వెనకేసుకొస్తున్నావు. ఆయనకు వినపడలేదని చెప్పడానికి నోరు రాక నీ మీద వేసుకుంటున్నావు. నాకు తెలియదనుకున్నావా?"

"పైకెక్కి చూసుకో. చారలు ఎటు వాలి ఉన్నాయో చూడు."

అతను రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్లాడు. చాలాసేపు కిందికి రాలేదు. వచ్చాక అక్క మొహం చూడలేదు. చేతిలో ఉన్న కాగితాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. ఉద్యోగం మానేసిన సంగతి ఎవరూ అనలేదు, అతనూ అనలేదు. పెళ్లానికి ఏం చెప్పాలని మాత్రం ఒక్కసారి గొణిగాడు.

"ఉన్నదే చెప్పు," అంది చిన్నమేస్త్రి. "పొద్దున తను నన్ను అడిగింది. నేను తప్పు జవాబు చెప్పి వచ్చాను, అది కూడా చెప్పు. పలక నేను మారుస్తాను. ప్రతి రోజూ కాగితం కట్టి, మీ ఇద్దరికీ చూపించి మరీ మూస్తాను. అప్పుడు కొంటావో మానతావో నీ ఇష్టం."

సిస్టరుగారు బోటు వెనక్కి నడిచి, పలక మీద చెయ్యి పెట్టింది. చిన్నమేస్త్రి ఆవిడ పక్కకు వెళ్లి నిలబడింది. తిట్టించుకోవడానికి సిద్ధంగానే నిలబడింది.

"తొమ్మిదేళ్లు తిరిగాం దీన్లో," అందావిడ. "మా మనవలు ఇద్దరూ ఈ వెనక సీటు కోసమే కొట్టుకునేవాళ్లు. గాలివానలో ఒకసారి మా ఆయన దీన్ని తోసుకుంటూ ఒడ్డుకు తెచ్చారు. వెనక నుంచి ఏదో మూలుగుతోంది అన్నారు. నేనే, మీదంతా అనుమానం అన్నాను."

"నా తప్పండీ," అంది చిన్నమేస్త్రి. ఇంకేమీ చేర్చలేదు.

"తెలుసమ్మా. చెప్పావుగా." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకున్నాక ఆ కళ్లలో అమ్మేవాళ్ల చూపు లేదు. వార్డు నడిపిన మనిషి చూపు ఉంది. "మా దగ్గర ఒకరికి మందు తప్పు పడిందని తెలిస్తే ముందు ఆ మనిషిని చూస్తాం. వేసిన పిల్లను తర్వాత తిడతాం. ఆ రెండింటికీ మధ్యలో ఒక మాట అడుగుతాం. అది అడగనివాళ్లు ఆ ఉద్యోగానికి పనికిరారు."

"అడగండి."

"ఆ కాలంలో మీ నాన్నగారు మంచంలో ఉండగా, నువ్విలా కాగితం కట్టకుండా మూసిన పడవలు ఇంకా ఎన్ని ఉన్నాయి?"

తమ్ముడు తల ఎత్తాడు. యార్డులో ఎక్కడో రంపం ఆగింది. చిన్నమేస్త్రి ఆ వానాకాలాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క పడవగా తలుచుకుంది. ఇన్నేళ్లూ అవి ఆమెకు పతకాలు. ఇప్పుడు ఒక్కొక్కటీ నీళ్ల మీద మనుషులతో కనిపిస్తోంది.

"దీంతో కలిపి ఏడు," అంది. "మిగతా ఆరింటి దగ్గరికీ నేనే వెళతాను. ఇవాళే మొదలుపెడతాను."

మేస్త్రి నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నాడు. ఈసారి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఎవరూ ఆయన కోసం రెండోసారి చెప్పలేదు. ఆయన "ఆఁ?" అనలేదు. కుంటి కాలు నేల మీద ఆనించి, కూతురి దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"ఎనిమిది," అన్నాడు. "నువ్వొకటి మరిచావు, మంచంలోంచి నేను ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదోది పొద్దున నేను రేవు మీదుగా వచ్చేటప్పుడే జనాన్ని ఎక్కించుకుని బయలుదేరింది."